ముప్పై ఒక్క మచ్చల టేకుచెట్టు

ఒక పెద్ద అడవిలో చెట్లను కొలవడానికి ఒక కచేరీ ఉండేది. దానికి గోడలు లేవు, కప్పు లేదు, బల్లలు లేవు. ఒక కొండచిలువ, ఒక తాబేలు ఉండేవి. కచేరీ అంటే ఆ రెండే.

కొండచిలువ పేరు శేషయ్య. ఆయనే కొలతాడు. ఏటా తొలకరి జల్లులు వెలిసిన మర్నాడు మృగరాజుగారి సభవారందరూ చూస్తుండగా ఆయన చెట్టుకు ఒక్క చుట్టు చుట్టుకునేవాడు. తోక కొస వచ్చి ఒంటి మీద ఎన్నో మచ్చ దగ్గర తగిలిందో చూసేవారు. అదే ఆ చెట్టు లావు. పది మచ్చల చెట్టంటే ఇంకా పసిది. ముప్పై మచ్చల చెట్టంటే దాని నీడన కూర్చుని పెళ్ళిసంబంధాలు మాట్లాడుకోవచ్చు.

తాబేలు పేరు నాంచారమ్మ. ఆవిడే దస్తరం. అడవిలో కాగితం లేదు, ఉన్నా చెదలు బతకనివ్వవు. అందుకని అంకె చెవిన పడగానే నాంచారమ్మ తల డిప్పలోకి లాక్కుని, లోపల మూడుసార్లు అనుకుని, మళ్ళీ బయటికి వచ్చేది. ఇక ఆ అంకె కదలదు. అలా శేషయ్య తాతలు కొలిచినప్పటినుంచీ నూటపది సంవత్సరాల అంకెలు ఆవిడ దగ్గరున్నాయి.

అంకెలు తప్ప మిగతావి మాత్రం ఒక్కొక్కటే జారిపోతున్నాయి. మనవలందర్నీ "ఒరే నాయనా" అనే పిలుస్తోంది, ఎవరే పేరుగలవాడో తెలియక. నీళ్ళకని బయలుదేరి, మడుగు గట్టు మీద నిలబడి, ఇక్కడికెందుకు వచ్చానా అని ఆలోచిస్తుంది. ఆలోచించగా ఆలోచించగా దాహం వేస్తుంది. అప్పుడు గుర్తొస్తుంది. అందుకే పొద్దున్నే కళ్ళు తెరవకముందే అంకెలన్నీ ఒకసారి అప్పజెప్పుకునేది. అన్నీ వరసగా వచ్చాకే కళ్ళు తెరిచేది.

"రాని రోజున ఏం చేస్తావు వదినా?" అని అడిగింది ఒకసారి టేకుచెట్టు పైకొమ్మ మీద కాపురముండే కొండముచ్చు అక్కమ్మ.

"రాని రోజున కళ్ళు తెరవడం మాత్రం దేనికే?" అంది నాంచారమ్మ. అక్కమ్మ నవ్వింది. నాంచారమ్మ నవ్వలేదు.

ఇలా ఉండగా ఒక ఏడు తొలకరి కొలతలు ముగిసిన వారానికి, అడవికి ఉత్తరాన వరహాలరావు అనే అడవిపంది సున్నపు బట్టీ పెట్టాడు. మృగరాజుగారి గుహకు వెల్ల వేయించాలన్నది కారణం. గుహ తెల్లబడింది. బట్టీ మాత్రం ఆరలేదు. సభ్యుల గుహలు, సభ్యుల అత్తవారి గుహలు, ఆ తర్వాత పక్క అడవుల గుహలు, అన్నిటికీ సున్నం కావలసి వచ్చింది. ఒకసారి తెల్లగోడ చూసిన జంతువుకు నల్లగోడ మధ్య నిద్రపట్టదట.

ఆ అడవిలో గాలి ఉత్తరం నుంచే వీస్తుంది. బట్టీ పొగ నల్లగా పైకి లేచి సూర్యుణ్ణి మూసింది. సున్నపు దుమ్ము తెల్లగా కిందికి దిగి ఆకుల్ని మూసింది. వాన పడితే కడుక్కుపోతుందనుకున్నారు. కడుక్కుపోకపోగా ఆకు మీదే తడిసి, ఎండి, గచ్చులా గట్టిపడింది. ఆకు ఊపిరి పీల్చుకునే సందు లేదు. కార్తెలు మారకముందే ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోయేవి.

"ఆకు నమిలితే తాంబూలం వేసుకున్నట్టుంది వదినా. వక్క ఒక్కటే తక్కువ" అంది అక్కమ్మ, నాలుక బయటపెట్టి చూపిస్తూ. నాలుక పొక్కి ఉంది.

అయిదేళ్ళు గడిచాయి.

అయిదో ఏటి కొలత రోజున సభ అంతా టేకుచెట్టు చుట్టూ చేరింది. అడవిలోకెల్లా పేరున్న చెట్టు అది. శేషయ్య చుట్టుకున్నాడు. తోక తగిలింది.

"ముప్పై ఒకటి" అంది నాంచారమ్మ.

మృగరాజు ఆవులింత మధ్యలో ఆపాడు. "పోయినేడు ఎంత?"

"ముప్పై ఒకటి, దొరా."

"అంతకు ముందేడు?"

"ముప్పై ఒకటి."

"అంతకు ముందు?"

"ముప్పై ఒకటే దొరా. అంతకు ముందూ ముప్పై ఒకటే. బట్టీ పెట్టడానికి వారం ముందు కొలిచినప్పుడూ ముప్పై ఒకటే. దాని ముందేడు ముప్పై, దాని ముందేడు ఇరవై తొమ్మిది..."

సభలో గుసగుసలు బయలుదేరాయి. సభ కార్యదర్శి చలపతి గొంతు సవరించుకుని లేచాడు. చలపతి నక్క. నమస్కారం పెట్టాక గానీ మాట మొదలుపెట్టడు, మాట పూర్తయ్యేసరికి ఎదుటివాడే నమస్కారం పెడతాడు.

"దొరవారు చిత్తగించాలి. ఒక చెట్టు అయిదేళ్ళపాటు ఎదక్కుండా నిలబడడం నేనెక్కడా వినలేదు. ఒక ముసలావిడ అయిదేళ్ళపాటు ఒకే అంకె చెప్పడం మాత్రం..." అని ఆగి, చుట్టూ చూసి, "ఇంటింటా ఉన్నదే" అన్నాడు.

సభ గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది వరహాలరావు. "మా నాయనమ్మా అంతేనండీ! పొద్దున తిన్న దుంప సంగతి పొద్దుగూకేదాకా చెప్పేది. అదే దుంప! అదే రుచి!"

"నేను మర్చిపోలేదు నాయనా. చెట్టే ఎదగలేదు. ఆకులు చూడండి, ఎలా ఉన్నాయో" అంది నాంచారమ్మ.

"ఆకులకేమైందమ్మా? తెల్లగా కళకళలాడుతుంటే!" అన్నాడు వరహాలరావు. "సున్నం ఎముకలకు బలం. చెట్టుకు కొమ్మలే కదా ఎముకలు? నేను ఉచితంగా బలం పంచుతున్నాను, ఒక్కరూ మెచ్చుకోరు."

చలపతి చాలా మర్యాదగా వంగాడు. "నాంచారమ్మగారూ, మీరంటే మాకు గౌరవం. వచ్చే ఏడు ఇంకోసారి కొలుద్దాం. అప్పుడు కూడా మీ నోట ఇదే అంకె వస్తే, మీరు హాయిగా విశ్రాంతి తీసుకుందురుగాని. సరేనా?"

నాంచారమ్మ సరేనంది. ఇంకేమంటుంది?

ఆ సాయంత్రమంతా ఆవిడ డిప్పలోంచి తల బయటపెట్టలేదు. లోపల ఒకే ఆలోచన. చలపతి కుత్సితుడే. కానీ కుత్సితుడి మాట కూడా ఎప్పుడైనా నిజం కావచ్చు కదా? ముప్పై ఒకటి, ముప్పై ఒకటి, ముప్పై ఒకటి. అయిదుసార్లు చూసి చెప్పానా, ఒకసారి చూసి అయిదుసార్లు చెప్పానా? మనవడి పేరు జారిపోయినప్పుడు తెలియలేదు. ఇదీ అలాగే జారిపోతే తెలుస్తుందా?

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా టేకుచెట్టు దగ్గరికి వెళ్ళింది. ఒకప్పుడు, శేషయ్యకు కుబుసం విడిచే రోజులొచ్చి కొలత ఆగిపోతే, తనే చెట్టు చుట్టూ నడిచి అడుగులు లెక్కపెట్టింది. ఇప్పుడూ నడుద్దామని మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నలభై దాటాక, ఒకవేళ మర్చిపోతానేమో అన్న భయం వేసింది. ఆ భయంలో అంకె పోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి యాభై రెండు దగ్గర, ఇప్పుడు మర్చిపోలేదు కదా అని సంతోషించింది. ఆ సంతోషంలో పోయింది.

మూడోసారి సగం తిరిగేసరికి పైనుంచి అక్కమ్మ, "ఏమిటి వదినా, ప్రదక్షిణాలా?" అని కేకేసింది.

"అవునే" అంది నాంచారమ్మ. నిజం చెప్పడానికి సిగ్గేసింది.

మరుసటి ఏడు తొలకరి రానే వచ్చింది. కొలతకు మూడు రోజుల ముందు చలపతి శేషయ్య పుట్ట దగ్గరికి వెళ్ళాడు. చేతిలో కర్ర లేదు, నోట బెదిరింపు లేదు. వెనకాల నాలుగు అడవిపందులు దొర్లించుకొస్తున్న పనసకాయ ఒకటి ఉంది.

"శేషయ్యగారూ, నలభై ఏళ్ళు సేవ చేశారు. సభ మీకొక ముద్ద కూడా పెట్టలేదు. సిగ్గుచేటు. ఇది చిన్న విందు."

"నేను శాకం తిననే."

"ఈ ఒక్కసారికి. కొలత రోజు పొద్దున, సరిగ్గా చెట్టును చుట్టుకునే ముందు."

శేషయ్య పనసకాయను చూశాడు. పనసకాయ వెనకున్న నాలుగు పందుల్ని చూశాడు. వాటి కోరల్నీ చూశాడు. "అరుగుతుందంటారా?" అన్నాడు.

"అరక్కూడదు. అదే దాని విశేషం" అన్నాడు చలపతి.

కొలత రోజున శేషయ్య టేకుచెట్టును చుట్టుకుంటుంటే నడుమ దగ్గర ఏదో ఎత్తుగా లేచింది. ఒళ్ళు బెరడుకు ఆనకుండా వంపు తిరిగి, దూరంగా పోయి, మళ్ళీ వచ్చింది. చుట్టు పూర్తయ్యేసరికి ఆయన మొహంలో చెమట. సభ్యులందరూ తోక వైపే చూస్తున్నారు గాని నడుము వైపు ఒక్కరూ చూడలేదు. కొలతలో చూడవలసింది తోకనే అని నిబంధన.

"ముప్పై ఎనిమిది!" అని అరిచాడు చలపతి.

"ఒక్క ఏడాదికి ఏడు మచ్చలు!" అని మృగరాజు జూలు విదిలించాడు.

"సున్నం మహిమ!" అన్నాడు వరహాలరావు, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

నాంచారమ్మ దగ్గరగా వచ్చి మచ్చలు లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిదే. మళ్ళీ పెట్టింది. ముప్పై ఎనిమిదే. ఆవిడకు ఎక్కడినుంచో కమ్మగా పనసపండు వాసన వేసింది. ఈ చుట్టుపక్కల పనసచెట్టు లేదే? ముక్కు కూడా పోతోంది కాబోలు అనుకుని ఆ మాట ఎవరికీ చెప్పలేదు. శేషయ్య ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాడు. చిన్నగా త్రేన్చి మొహం తిప్పుకున్నాడు.

"చూశారా నాంచారమ్మగారూ" అన్నాడు చలపతి జాలిగా. "చెట్టు ఏటా ఎదుగుతూనే ఉంది. మీరే ఆరేళ్ళ కిందట ఆగిపోయారు."

నాంచారమ్మకు మతిమరుపు వచ్చిందని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అంకెలు పైకి అనకూడదనీ, మడుగు గట్టున విశ్రాంతి తీసుకోవాలనీ తీర్మానంలో ఉంది. ఆవిడ స్థానంలో ఒక రామచిలకను వేశారు. అది మంచి ఉద్యోగి. ఏ అంకె చెబితే ఆ అంకె చెప్పేది. చెప్పకపోతే జామకాయ అడిగేది.

ఆ మర్నాడు పొద్దున నాంచారమ్మ అంకెలు అప్పజెప్పుకోబోయి టేకుచెట్టు దగ్గర ఆగిపోయింది. ముప్పై ఒకటా? ముప్పై ఎనిమిదా? ఆ ఒక్కటీ కదిలేసరికి పక్కనున్నవి కూడా కదిలాయి. మద్దిచెట్టు ఇరవై రెండా, ఇరవై నాలుగా? ఏగిస చెట్టు సంగతేమిటి? పెద్ద వానల ఏడు ముందా, కరువు ఏళ్ళు ముందా? నూటపదేళ్ళు రాయిలా ఉన్నవి నీళ్ళలో ఆకుల్లా తేలిపోతున్నాయి. ఆవిడ చాలాసేపు కళ్ళు మూసుకునే ఉంది. అక్కమ్మ వచ్చి డిప్ప మీద తట్టింది.

"వదినా! ఉన్నావా?"

"ఏమోనే" అంది నాంచారమ్మ లోపలినుంచి.

చుట్టుపక్కల అడవులన్నీ కలిసి ఏడడవుల సమాఖ్య అని ఒకటుంది. ఏటా ఏ అడవిలో చెట్లు ఎక్కువ ఎదిగాయో చూసి అది ప్రథమ స్థానం ఇస్తుంది. ఆ ఏడు సమాఖ్య కాకి వచ్చి కొమ్మ మీద వాలి, "ప్రథమ స్థానం ఈ అడవిదే" అని చాటింది. చప్పట్లు మొదలయ్యాయి. కాకి ఇంకా ఏదో చెబుతోంది. చలపతి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టించాడు. కాకి నోరు తెరవడం, మూయడం కనిపిస్తోంది గాని ఒక్క మాటా వినపడలేదు. చివరికి విసుగెత్తి అది ఎగిరిపోయింది.

అది చెప్పిన మాట ఏమిటో మండు వేసవిలో తెలిసింది.

ముందు నేల అదిరింది. తర్వాత దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి నూట నలభై మూడు ఏనుగులు వచ్చాయి. ముందు నడుస్తున్న పెద్దావిడ పేరు భద్రాయమ్మ. మృగరాజుకు మర్యాదగా తొండమెత్తి, "వచ్చేశామండీ" అంది.

"ఎందుకు?" అన్నాడు మృగరాజు.

"అదేమిటి! ప్రథమ స్థానం వచ్చిన అడవి, ఆ వేసవంతా మిగతా ఆరడవుల ఏనుగులకు మేత పెట్టాలి. సమాఖ్య స్థాపించిన రోజునుంచీ ఉన్న ఆచారం. కాకి చెప్పలేదూ?"

సభలో ఒక్క చప్పట కూడా వినపడలేదు.

"అందుకేనా," అని చలపతి మెల్లగా అన్నాడు, "మిగతా ఆరడవులవాళ్ళూ ఏటా తమ చెట్లు అంతంతమాత్రం అని చెప్పుకునేది?"

"వాళ్ళకు బుద్ధుంది నాయనా" అంది భద్రాయమ్మ. "ఒక్కొక్కరికి రోజుకు నాలుగు మోపుల ఆకు. మాది పెద్ద ఆకలేం కాదు."

సాయంత్రానికి ఏనుగులు చెట్లనోసారి రుచి చూశాయి. అన్నీ తుపుక్కున ఉమ్మేశాయి.

"ఇది ఆకా, గోడా?" అని అడిగింది భద్రాయమ్మ. "ఏడు మచ్చలు ఎదిగిన చెట్ల ఆకులు ఎక్కడో దాచి, మాకివి చూపిస్తున్నారు. పరవాలేదు, అవి బయటికి వచ్చేదాకా మేం ఇక్కడే ఉంటాం." ఆవిడ వెళ్ళి మృగరాజు గుహ ముందు కూర్చుంది. తెల్లటి గుహకు తలుపులా సరిపోయింది.

మర్నాడు చలపతి మడుగు గట్టుకు పరుగెత్తుకొచ్చాడు. రెండు ముంగాళ్ళూ జోడించాడు. "నాంచారమ్మగారూ, తల్లీ! మీరే కాపాడాలి. ఆ టేకుచెట్టు ఎదగలేదని, ముప్పై ఒకటేనని ఏనుగులకు చెప్పాలి."

"నాకు మతిమరుపు కదా?"

"అబ్బెబ్బే, ఎవరన్నారు?"

"మీరే తీర్మానం చేశారు. అది మాత్రం నాకు గుర్తుంది."

"రద్దు చేస్తాం! ఇప్పుడే, ఇక్కడే! నేనే సభ అనుకోండి. రద్దయింది. చెప్పండి, ఎంత?"

నాంచారమ్మ నోరు తెరిచింది. "నాకు తెలియదు నాయనా" అంది చివరికి. ఆవిడ పంతానికి అనలేదు. "ముప్పై ఒకటో, ముప్పై ఎనిమిదో. నా కళ్ళతోనే రెండూ చూశాను. నా బుర్ర మీద నాకు నమ్మకం పోయింది."

చలపతి మొహం మాడిపోయింది. ఈ రోగం నయం చేసేవాళ్ళెవరా అని చుట్టూ చూశాడు. మడుగవతల పొదలోంచి శేషయ్య నెమ్మదిగా పాకుతూ వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు.

"అక్కా, ఆ రోజు నేను పనసకాయ మింగి చుట్టుకున్నాను" అన్నాడు.

నాంచారమ్మ ఆయన నడుము వైపు చూసింది. "అయితే ఆ వాసన పనసదేనా!"

"పనసదే. అది ఇప్పటికీ అరగలేదు. నన్ను క్షమించు."

"నా ముక్కు బాగానే ఉందన్నమాట!" అంది నాంచారమ్మ. ఎన్నాళ్ళకో ఆవిడ మెడ పూర్తిగా బయటికి సాగింది. "ఒరే శేషయ్యా, ఆ మాట ముందే చెప్పి ఏడవకూడదట్రా! ముక్కుతో పాటు సగం బుర్ర కూడా తిరిగొచ్చినట్టుంది."

ముగ్గురూ వెళ్ళి భద్రాయమ్మను టేకుచెట్టు దగ్గరికి పిలుచుకొచ్చారు, వెనకే సభా వచ్చింది. శేషయ్య జరిగింది చెప్పాడు. మృగరాజు పక్కనే నిలబడి, ఇదంతా ఇప్పుడే వింటున్నట్టు గుండె మీద పంజా పెట్టుకున్నాడు.

భద్రాయమ్మ తల అడ్డంగా ఊపింది. "నిన్న ముప్పై ఎనిమిదన్నారు. మేత పెట్టాల్సి వచ్చేసరికి ముప్పై ఒకటంటున్నారు. పోనీ, ఇప్పుడు కొలిస్తే ముప్పై ఒకటే వచ్చిందనుకోండి. ఈ చెట్టు పెరగలేదని దేన్ని బట్టి నమ్మాలి? మొన్నటి దాకా ఇరవై ఉండి, బాగా పెరిగి ముప్పై ఒకటి అయిందేమో! పాత అంకెలకు సాక్ష్యం ఏదీ?"

"ఈవిడ జ్ఞాపకం" అన్నాడు చలపతి.

"మతిమరుపని తీర్మానం చేసింది ఈవిడ మీదే కదా?"

భద్రాయమ్మకు వీపు దురద పుట్టింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే టేకుచెట్టుకు వీపు ఆనించి రుద్దుకుంది. పేరున్న చెట్టు కదా, తట్టుకుంటుందని ఆవిడ నమ్మకం. లోపల్లోపల ఏదో చిటచిటలాడింది. అయ్యో అని ఆవిడ ముందుకు జరిగేలోపే, చెట్టు మొదలంటా విరిగి పక్కకు ఒరిగిపోయింది. అక్కమ్మ సంసారంతో సహా పక్కచెట్టు మీదికి దూకింది. తెల్లటి దుమ్ము పొగమంచులా లేచి, అందరి మీదా పడింది.

నాంచారమ్మ మొద్దు దగ్గరికి నడిచి బెరడుకు మూతి ఆనించింది. ఆ చెట్టుకు మూడు మచ్చలున్నప్పటినుంచీ ఆవిడ ఎరుగును.

భద్రాయమ్మ చాలా నొచ్చుకుంది. కాసేపయ్యాక తొండంతో కళ్ళు తుడుచుకుని అంది, "అమ్మా, పోయింది పోయింది. కానీ చెట్టు ఏడాదికొక వలయం లోపల వేసుకుంటుంది. కడుపునిండా తిన్న ఏడు వెడల్పుగా, పస్తులున్న ఏడు సన్నగా. మా తాతలు చూపించారు. మీరు వెనక్కి తిరిగి కూర్చుని ఏ ఏడు ఎంత ఎదిగిందో చెప్పండి. నేను వలయాలు తడుముతాను. ఎవరి మాట నిజమో తేలుతుంది."

ముళ్ళపందులు వచ్చి మొద్దును కొరికి చదును చేశాయి. నాంచారమ్మ వెనక్కి తిరిగి కూర్చుంది. ఏనుగుల మేత సంగతి ఆవిడకు పట్టలేదు. మృగరాజు పరువు అసలే పట్టలేదు. తను ఉందా, పోయిందా, అదొక్కటే ఇప్పుడు తేలాలి.

"బట్టీ పెట్టేముందటి ఏడు, ఒక మచ్చ" అంది.

"వెడల్పు" అంది భద్రాయమ్మ.

"దాని ముందేడూ ఒకటి."

"వెడల్పే."

"దాని ముందు పెద్ద వానల ఏడు. ఒకటిన్నర."

తొండం కాస్త ఆగింది. "అబ్బో, ఇది బాగా వెడల్పు."

"దాని ముందు..."

మాట ఆగిపోయింది. సభంతా మెడలు చాచింది. చలపతి పళ్ళు బిగించి, "చెప్పండి, చెప్పండి" అని గొణిగాడు. నాంచారమ్మ తల డిప్పలోకి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు. వరహాలరావు పక్కవాడితో "మా నాయనమ్మా..." అని మొదలుపెట్టాడు. ఒక ఏనుగు అతని వైపు చూసింది. అతను నాయనమ్మను అక్కడే వదిలేశాడు.

తల బయటికి వచ్చింది.

"కరువు" అంది నాంచారమ్మ. "రెండేళ్ళు. మొదటి ఏడు పావు మచ్చ, రెండో ఏడు అర. మడుగెండి, నేను బురదలో పడుకున్నాను. శేషయ్య ఒళ్ళంతా పగిలి, మచ్చలు కనపడక, ఆకు పసరు రాసి లెక్కపెట్టాం."

భద్రాయమ్మ తొండం కొస మొద్దు మీద మెల్లగా కదిలింది. "సన్నం. ఇంకా సన్నం. లోపలది అర, దాని లోపలది పావు కాదూ?" అని మళ్ళీ తడిమింది. "లేదు లేదు, నేనే తిరగేశాను. లోపలి వలయమే ముందటి ఏడు, పావే ముందు. ఆవిడ చెప్పిందే సరి."

అలా ఇరవై రెండు ఏళ్ళు వెనక్కి వెళ్ళారు. ఒక్కటీ తప్పలేదు. అప్పుడు భద్రాయమ్మ బెరడు వైపు వచ్చింది. "మరి బట్టీ పెట్టాక?"

"ఏడు వానాకాలాలు. ఏమీ లేదు తల్లీ."

ఏనుగు వంగి, ఒక కన్ను మూసి, చాలా దగ్గరగా చూసింది. "ఏడు గీతలున్నాయి. ఏడూ కలిపితే నా తోక వెంట్రుకంత లేవు."

నాంచారమ్మ ఇటు తిరిగింది. ఆ మొద్దును, ఆ గీతల్ని తనే చూసుకుంది. "నేను మర్చిపోలేదు" అంది. ఎవరితోనూ కాదు. మళ్ళీ ఇంకోసారి అంది. అక్కమ్మ కిందికి దిగి వచ్చి ఆవిడ డిప్ప మీది సున్నం తుడిచింది.

భద్రాయమ్మ లేచి నిలబడింది. ఆవిడ నిలబడితే మిగతా నూట నలభై రెండూ నిలబడ్డాయి. "మేత ఎందుకు లేదో తెలిసింది. ఇప్పుడు బట్టీ ఎక్కడ?"

"బట్టీయా?" అన్నాడు వరహాలరావు. అతని తలకు సరిగ్గా పైనే పొగ సాగిపోతోంది. "ఏ బట్టీ అండీ?"

ఏనుగులకు దారి చూపవలసిన పని పడలేదు. పొగ పట్టుకుని ఉత్తరానికి నడిచాయి. ఒక గంటలో బట్టీ ఉన్నచోట చదునైన నేల ఉంది, నేలలో ఏనుగు అడుగులు ఉన్నాయి, ఒక అడుగులో వరహాలరావు తోక ఇరుక్కుని ఉంది. సాయంత్రానికి ఏనుగులు వాళ్ళ వాళ్ళ అడవులకు వెళ్ళిపోయాయి, ఆకలితోనే.

మరుసటి తొలకరికి వాన ఆకుల్ని కడిగింది. ఈసారి నిజంగానే కడిగింది. ఆ వారంలోనే బట్టీ సంగతి తేల్చడానికి సమాఖ్య పెట్టిన విచారణకు మనుగుడుపు పెళ్ళికొడుకులా అలంకరించుకుని వచ్చాడు మృగరాజు. అసలు బట్టీకి అనుమతి ఇచ్చిందెవరని సమాఖ్య కాకి అడిగింది.

"నాకు గుర్తులేదు" అన్నాడు మృగరాజు.

"నాకు కూడా బొత్తిగా గుర్తులేదు" అన్నాడు చలపతి.

"నాకు బట్టీ అన్న మాటే గుర్తులేదు" అన్నాడు కట్టు కట్టిన తోకతో వరహాలరావు.

సభ్యులు పదకొండుమందినీ వరసగా అడిగారు. పదకొండుమందికీ గుర్తులేదు. రామచిలక జామకాయ అడిగింది.

"నాకు గుర్తుంది" అంది నాంచారమ్మ వెనకనుంచి. "ఆ ఏడు కొలతలైన మూడో రోజు. మంగళవారం. దొరవారు ఎడమ పంజాతో తడిమట్టి మీద వేలిముద్ర వేశారు, కుడి పంజాలో వరహాలరావు పంపిన దుప్పి తొడ ఉన్నందుకు."

మృగరాజు చలపతి వైపు చూశాడు. చలపతి లేచి, నమస్కారం పెట్టి, నాంచారమ్మగారి మతిమరుపుపై పాత తీర్మానాన్ని రద్దు చేసిన సంగతి సభలో ఎవరికైనా గుర్తుందా అని అడిగాడు. ఎవరికీ లేదు, కనుక ఆవిడ సాక్ష్యం చెల్లలేదు. విచారణ సంతృప్తికరంగా ముగిసిందని కాకి చాటింది. సమయానికి ఏమీ గుర్తుచేసుకోకుండా అడవి పరువు కాపాడినందుకు సభ్యులందరికీ ఇంకో అయిదేళ్ళు పదవి పొడిగించారు.

నాంచారమ్మ మాత్రం ఆ రోజు నవ్వుకుంటూ మడుగుకు వెళ్ళింది, తన మీది తీర్మానాన్ని ఈసారి ఒక్క ముక్క కూడా నమ్మకుండా.

కనుక ఇందులో నీతి ఏమిటంటే: మతిమరుపు ముసలివాళ్ళకొస్తే జబ్బు, పదవిలో ఉన్నవాళ్ళకొస్తే అర్హత.